మోదుగ మొక్కలు: మూడో ఏడు, అరటిడొప్పల్లో

మా కొత్తపేట వైపు ఎటు చూసినా కొబ్బరి, అరటి. రంపచోడవరం దారిలో ఆకంతా రాల్చేసి, ఒంటినిండా చిలకముక్కు పూలతో నిలబడే మోదుగ మా గట్టుమీద కూడా ఉండాలని మూడేళ్ళుగా నా తాపత్రయం.

మొదటి ఏడు ఒక మూలికల దుకాణంలో పలాశబీజాలు కొన్నాను. 20 పాతితే ఒక్కటీ మొలవలేదు. మందుకని ఎండబెట్టి దాచిన పాత సరుకది. మోదుగ గింజలో జీవం ఎక్కువకాలం నిలవదు. రెండో ఏడు తాజా గింజలే తెచ్చి, ఆరంగుళాల నర్సరీ కవర్లలో వేశాను. 9 మొలిచాయి. నాటేటప్పుడు కవరు చింపితే తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంది. నెలరోజుల్లో అన్నీ వడలిపోయాయి. చాలా బాధేసింది.

ఈ ఏడు మే 26న చెట్టు కిందే కాయలు ఏరాను. కాయ జానెడుకి కాస్త తక్కువ, బల్లపరుపుగా ఉంటుంది. వేళ్ళతో నొక్కుతూ పోతే పొడవునా డొల్లే, కొసన మాత్రం ఒకే ఒక్క గింజ బిళ్ళలా తగులుతుంది. కన్నం ఉంటే పురుగు తిన్నట్టే. 31 కాయల్లో 22 పనికొచ్చాయి.

గెల కోసిన అరటిబోదె నుంచి డొప్పలు ఊడదీసి, మూరెడు పొడవు గొట్టాలుగా చుట్టి నారతో కట్టాను. అడుగు మూయలేదు. రెండుపాళ్ళు లంక ఇసుక, ఒకపాలు చేలో మట్టి, ఒకపాలు మాగిన పశువుల ఎరువు. గింజను పడుకోబెట్టి పైన అంగుళం మట్టి. జూన్ 2న వేస్తే 12వ రోజున మొదటిది తలెత్తింది, మొత్తం 16 లేచాయి. డొప్ప కుళ్ళేలోపు, జూలై 6న, డొప్పతో సహా నాటేశాను. వేరుకి చెయ్యి తగల్లేదు.

పెద్ద చెట్టు ఉప్పునేలనీ నిలవ నీటినీ ఓర్చుకుంటుంది. పసిమొక్క మీద ఆ నమ్మకం లేక, మా బంకమట్టిలో అడుగున్నర ఎత్తు దిమ్మలు వేసి పైన కొబ్బరిపీచు పరిచాను. మూడింటిని గేదె తొక్కేసింది, రెండు ఎండిపోయాయి. నవంబరుకి 11 ఉన్నాయి, పెద్దది 14 అంగుళాలు. కొత్తగా విచ్చిన మూడాకులు చేత్తో తడిమితే పట్టులా మెత్తగా ఉన్నాయి.

"ఇంక నులిపురుగులకి మందు ఇంట్లోనే కదరా," అన్నారు పెదనాన్న. ఆయుర్వేదంలో మోదుగ గింజ క్రిమిఘ్నం, ముఖ్యంగా ఏలికపాములకి. అందులోని పలాసోనిన్ అనే పదార్థానికి ఆ గుణం ఉంది. కానీ మోతాదు మించితే వాంతులు, కడుపునొప్పి. వైద్యుడు కొలిచి ఇవ్వాల్సిన మందు అది, నేను ఇంట్లో పొడి కొట్టను. మా పిల్లలకి బడిలో ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్రే. నాకు కావలసింది పూలు, నాయనమ్మ కుట్టే విస్తళ్ళకి ఆకులు.

ఏప్రిల్, మే నెలల్లో కాలువ కట్టేస్తే బోరునీళ్ళే గతి. మా బోరు కాస్త ఉప్పన. నాలుగు మొక్కలకి అవే పోసి, మిగతావాటికి చెరువునీళ్ళు మోసి చూస్తాను.