వాళ్ల మూర్, మన కంచ

హైదరాబాదు చుట్టుపక్కల ఊళ్ల పేర్లలో ‘కంచ’ అనే మాట ఇప్పటికీ మిగిలి ఉంది. కంచ గచ్చిబౌలి అందరికీ తెలిసిన పేరే. రావిర్యాల వైపు ఇమారత్ కంచ ఉంది. దున్నకుండా, విత్తకుండా, పశువులు మేయడానికి వదిలిన రాళ్లూ పొదలూ గడ్డీ కలిసిన నేలను మా తాతగారి తరం కంచ అనేది. 2025 ఆగస్టు చివరి వారంలో ఇంగ్లండులోని డార్ట్‌మూర్‌లో ఒక చిన్న ఊరిలో నాలుగు రాత్రులు ఉండి వచ్చాను. దున్నని, పొదలూ గడ్డీ పరుచుకున్న అలాంటి ఎత్తైన మేత నేలనే అక్కడ ‘మూర్’ అంటారు. ఆ మాటను తెలుగులో ఏమనాలని తిరిగి వచ్చే విమానంలో చాలాసేపు ఆలోచించాను. బీడు అన్నా, బంజరు అన్నా పనికిరాని నేల అనే అర్థమే ముందు తడుతుంది. కంచ అంటే మేత గుర్తుకు వస్తుంది, కాపరి గుర్తుకు వస్తాడు. అందుకే నాకు ఆ మాటే సరైనదనిపించింది.

మా చెల్లెలు డార్ట్‌మూర్‌కు దగ్గరలోని ఎక్సెటర్ నగరంలో ఉంటుంది. లండన్ పాడింగ్టన్ స్టేషన్ నుంచి అక్కడికి రైలులో రెండు గంటలకు పైగా పడుతుంది. మర్నాడు ఉదయం తన కారులో బోవీ ట్రేసీ మీదుగా పైకి ఎక్కాము. ఒకచోట రోడ్డుకు అడ్డంగా ఇనుప కమ్మీలు పరిచి ఉన్నాయి. వాటి మీదుగా చక్రాలు దడదడలాడుతూ దాటగానే, “అక్కా, ఇక్కడి నుంచి మూర్ మొదలు” అన్నది మా చెల్లెలు. పశువుల గిట్టలు ఆ కమ్మీల సందుల్లో నిలవవు కాబట్టి అవి దాటి బయటికి రావు; కార్లు మాత్రం ఆగకుండా పోతాయి. అంతవరకు రెండు పక్కలా ఎత్తైన మట్టిగట్ల మధ్య ఇరుకుగా సాగిన దారి ఒక్కసారిగా తెరుచుకుంది. హెదర్ పొదలు కనుచూపు మేర వంకాయ పువ్వు రంగులో పూసి ఉన్నాయి. వాటి మధ్య గోర్స్ అనే ముళ్లపొదల పసుపు పూలు. ఆ పూలను వేళ్ల మధ్య నలిపితే పచ్చి కొబ్బరి వాసన వచ్చింది. గుర్రం పిల్ల ఒకటి రోడ్డు మధ్యలో తల్లి పాలు తాగుతోంది. అది ముగించేదాకా మా ముందు నాలుగు కార్లు ఆగాయి, ఒక్కరూ హారన్ కొట్టలేదు.

మేము దిగిన ఊరి పేరు వైడ్‌కోంబ్ ఇన్ ద మూర్. రాసేది అలా అయినా అక్కడివాళ్లు పలికేది ‘విడికమ్’ అని. ఏటవాలు దారిలో లోయలోకి దిగుతుంటే మొదట కనిపించేది చర్చి గోపురమే. దాని ఎత్తు దాదాపు 120 అడుగులు. అంత చిన్న ఊరికి అంత పెద్ద చర్చి ఎలా వచ్చిందన్న ప్రశ్న ఎవరికైనా కలుగుతుంది. ఈ కొండల్లో ఒకప్పుడు తగరం తవ్వేవారు. ఆ గోపురం తగరం సొమ్ముతో లేచిందని ఊరివాళ్లు చెబుతారు. లోపల పైకప్పు దూలాలు కలిసేచోట చెక్కిన చిన్న బిళ్ల ఒకటి ఉంది. మూడు కుందేళ్లు గుండ్రంగా ఒకదాని వెనుక ఒకటి పరుగెత్తుతుంటాయి, ప్రతి కుందేలుకూ రెండేసి చెవులు కనిపిస్తాయి, లెక్కపెడితే మాత్రం మొత్తం చెవులు మూడే. ఇదే బొమ్మ చైనాలోని దున్‌హువాంగ్ గుహల కప్పు మీద కూడా ఉంది. మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నిలబడినప్పుడు, అజంతా మొదటి గుహలో ఒకే తలను పంచుకునే నాలుగు లేళ్లు నాకు గుర్తుకు వచ్చాయి.

గోపురం కింద గోడకు పద్యాలు రాసిన చెక్క పలకలు ఉన్నాయి. 1638 అక్టోబరు 21న, ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన జరుగుతుండగా ఈ చర్చి మీద పిడుగు పడి నలుగురు చనిపోయారు, అరవై మంది దాకా గాయపడ్డారు. నిప్పుల బంతి ఒకటి లోపలికి దూసుకు వచ్చిందని ఆనాటివారు చెప్పినదాన్ని బట్టి, బంతి మెరుపు గురించిన తొలి వర్ణనల్లో ఇదొకటని ఇప్పుడు లెక్కవేస్తున్నారు. తమ కష్టాన్ని పద్యం కట్టి గోడకు తగిలించుకున్న ఊరిమీద నాకు ఆ క్షణం నుంచే గౌరవం కలిగింది.

మేము బస చేసిన ఇల్లు ఊరికి మైలు దూరంలో, గొర్రెలు పెంచే ఒక వృద్ధ దంపతులది. డార్ట్‌మూర్‌లో ‘లాంగ్‌హౌస్’ అని ప్రత్యేకమైన ఇంటి పద్ధతి ఉంది. పొడవాటి ఒకే కప్పు, మధ్యలో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా అడ్డంగా ఒక నడవ. ఆ నడవలోనుంచే మనుషులు పై వైపుకు, పశువులు పల్లం వైపుకు వెళ్లేవారు. పశువులు పల్లంలో ఉంటే మూత్రం, పేడనీళ్లు బయటికి జారిపోతాయి; వాటి ఒంటి వెచ్చదనం ఇంట్లోవాళ్లకు చలికాలంలో అక్కరకు వస్తుంది. మేము పడుకున్న గది ఒకప్పటి కొట్టమే. గదికి నిలువునా రాతిలో తొలిచిన మురుగుకాలువ ఇంకా అలాగే ఉంది, దాని మీద చాప పరిచారు. నల్గొండ జిల్లాలో మా అమ్మమ్మగారి ఇంట్లో వసారా గోడకు ఆనుకుని కొట్టం ఉండేది. రాత్రిళ్లు ఎద్దులు నెమరువేసే చప్పుడు వింటూ నిద్రపోయేవాళ్లం. ఈ సంగతి చెప్పినప్పుడు ఆ ఇంటావిడ కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుని, మీ కాలువ ఎటు వాలు ఉండేది, గడ్డి ఎక్కడ దాచేవారు అని వివరంగా అడిగింది. ఆ ప్రశ్నలతో మా మధ్య కొత్తదనం పోయింది.

భోజనం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు, శాకాహారులకు ఇబ్బంది లేదు. ఒక్క క్లాటెడ్ క్రీమ్ గురించి మాత్రం చెప్పాలి. పాలను సన్నని సెగ మీద చాలాసేపు ఉంచి, కదపకుండా చల్లార్చి, పైన కట్టిన మందపాటి మీగడను తీస్తారు. డార్ట్‌మూర్ ఉన్న డెవన్ ప్రాంతంలో స్కోన్ అనే చిన్న బన్ను మీద ముందు ఆ మీగడ, తరువాత జామ్ రాయాలని నియమం. పొరుగున ఉన్న కార్న్‌వాల్ వాళ్లు దీన్ని తిరగేస్తారు. ఇరానీ హోటల్లో బన్ మస్కా తిని పెరిగినవాళ్లకు ఆ రుచి పరాయిదిగా తోచదు.

మూడో రోజు హౌండ్ టార్‌కు నడిచాము. కొండ నెత్తిన విడిగా నిలిచిన రాతి గుట్టలను అక్కడ ‘టార్’ అంటారు. దూరం నుంచి అది చూడగానే నేను నిలబడిపోయాను. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు, అంచున నిలిచి ఇప్పుడో మరుక్షణమో దొర్లుతుందనిపించే గుండు, కింద చెల్లాచెదురుగా పడిన రాళ్లు. ఖాజాగూడ గుట్టల దగ్గర నేను రోజూ చూసే దృశ్యమే అది. భూగర్భ శాస్త్రం ప్రకారం రెండూ గ్రానైటే. భూమి లోపల చల్లబడి గట్టిపడేటప్పుడు రాతిలో నిలువూ అడ్డమూ పగుళ్లు ఏర్పడతాయి, ఆ పగుళ్లలోకి నీరు దిగి చుట్టూ ఉన్న రాతిని లోపలే కుళ్లబెడుతుంది, పైమట్టి కొట్టుకుపోయిన తరువాత గట్టి భాగాలు మాత్రం గుండ్లుగా నిలుస్తాయి. అక్కడ ఆ పైమట్టిని తీసేయడంలో మంచుయుగపు చలికి పెద్ద పాత్ర ఉంది. మన దగ్గర ఎండా వానా చాలాయి. వయసులో మాత్రం పోలిక లేదు. డార్ట్‌మూర్ గ్రానైట్ దాదాపు 28 కోట్ల సంవత్సరాల నాటిది, హైదరాబాదు గ్రానైట్ దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటిది. ఆ బండ మీద చెయ్యి వేస్తే బొటనవేలంత తెల్లని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు పలుకులు గరుకుగా తగిలాయి. మన రాతిలో అవి గులాబీ రంగులో, ఇంకా సన్నగా ఉంటాయి. అంతే తేడా.

ఆ గుట్ట కిందనే మధ్యయుగంలో వదిలేసిన ఒక పల్లె పునాదులు ఉన్నాయి. మోకాలెత్తు గోడలు, పొయ్యి చోటు, ధాన్యం ఆరబెట్టుకున్న కొట్టు. చలి పెరిగి పంటలు పండకపోవడం, ఆపైన 14వ శతాబ్దపు మహమ్మారి కలిసి ఆ పల్లెను ఖాళీ చేయించి ఉంటాయని భావిస్తున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే గ్రిమ్స్‌పౌండ్ ఉంది. కంచు యుగంలో ఒకే రాతిగోడ లోపల కట్టుకున్న ఇరవై నాలుగు గుండ్రటి గుడిసెల ఆనవాళ్లు అవి. హేమెల్‌డౌన్ అనే పొడవాటి గట్టు మీదుగా ఊరి నుంచి ఆరేడు కిలోమీటర్ల నడక. మేము వెళ్లినప్పుడు సగం దారిలో పొగమంచు దిగి, పది అడుగుల ముందు నడుస్తున్న చెల్లెలు కనిపించకుండా పోయింది. ఫోనులో సిగ్నల్ లేదు. ఆ ఇంటావిడ బలవంతంగా చేతిలో పెట్టిన కాగితపు పటం, దిక్సూచి మమ్మల్ని ఆ గోడ దాకా చేర్చాయి. ఒక గుడిసె రాళ్ల మధ్య గంటసేపు కూర్చుని, నేను హైదరాబాదు నుంచి తీసుకువెళ్లిన సకినాలు తిన్నాము. వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది రెండే మాటలు. పటం లేకుండా గట్టు ఎక్కవద్దు. పచ్చగా మెత్తగా మెరిసే నాచు కనిపిస్తే దాని మీద అడుగు పెట్టవద్దు, కింద ఊబి ఉంటుంది. ఆ ఊబి నేలే ఎగువన వానను పీల్చుకుని డార్ట్, టీన్, టావీ లాంటి నదులకు కొంచెం కొంచెంగా వదులుతుంది. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే, అక్కడి ఎత్తు ప్రదేశాల్లో 2,000 మిల్లీమీటర్ల దరిదాపున పడుతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ నేల మీద హక్కుల పద్ధతి. గుర్రాలు అడవి జంతువుల్లా తిరుగుతున్నా ప్రతిదానికీ యజమాని ఉన్నాడు. భూమి ఒకరి పేరున ఉంటుంది, దాని మీద మేపుకునే హక్కు చుట్టుపక్కల రైతులకు తరతరాలుగా ఉంటుంది. ఒకప్పుడు పొయ్యిలోకి పీట్ మట్టిని ఇటుకల్లా కోసి ఆరబెట్టుకునే హక్కు కూడా ఉండేది, మన పిడకల లాగా. 1951లో దీన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించినా మనుషులను, మందలను బయటికి పంపలేదు. 1985 నాటి డార్ట్‌మూర్ కామన్స్ చట్టం ఆ రైతులకు ఒక మండలిని ఇచ్చింది, ఎవరైనా కాలినడకన గానీ గుర్రం మీద గానీ అక్కడ తిరిగే హక్కునూ ఇచ్చింది. డేరా వేసుకుని రాత్రి ఉండడం కూడా ఆ హక్కులో భాగమేనని అక్కడి సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పు చెప్పింది. దానికి నెల ముందే, ఏప్రిల్‌లో, మన సుప్రీంకోర్టు కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల వివాదంలో చెట్లు నరకడాన్ని ఆపించింది. ఈ రెండు వార్తలనూ అదే ఇంట్లో, అదే బల్ల దగ్గర మేము ఒకరికొకరం చెప్పుకున్నాము.

అక్కడ అంతా సవ్యంగా ఉందని నేను అనుకోవడం లేదు. ఎన్ని గొర్రెలు మేస్తే నేల తట్టుకుంటుందన్న దాని మీద రైతులకూ ప్రకృతి పరిరక్షకులకూ పెద్ద వాదం నడుస్తోంది. ఊళ్లో ఇళ్లను నగరాలవాళ్లు సెలవుల కోసం కొనడంతో ఊరి పిల్లలకు ఇల్లు దొరకడం కష్టమైందని ఇంటాయన బాధపడ్డాడు. రాళ్లను కూడా వాళ్లు అన్నివేళలా కాపాడుకున్నారని చెప్పలేము. హేటార్ అనే మరో గుట్ట దగ్గర 1820లో రాయి మోయడానికి వేసిన ట్రామ్‌వే, అంటే బండ్లు నడిచే పట్టాల దారి ఉంది, దాని పట్టాలను కూడా గ్రానైట్‌తోనే చెక్కారు, గడ్డిలో అవి ఈనాటికీ ఉన్నాయి. ఆ రాయి 1831లో ప్రారంభమైన లండన్ బ్రిడ్జికి వెళ్లింది. ఆగిపోయిన గని ఇప్పుడు నీటి గుంటగా మారి, అందులో కలువలు పూస్తున్నాయి. పక్కన సగం చీల్చి వదిలేసిన ఒక బండ అంచున జానెడు దూరానికి ఒకటి చొప్పున వరసగా రంధ్రాలు కనిపించాయి. వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టి, సమ్మెటతో ఒక్కొక్కదాన్ని వంతులవారీగా కొట్టుకుంటూ పోతే బండ తిన్నగా చీలుతుంది. మా చిన్నప్పుడు వడ్డెరవాళ్లు అలా కొట్టడం నేను గంటల తరబడి చూశాను. చీల మీద పడే దెబ్బల స్వరం మారుతూ వచ్చి, చివరికి బండ లోపలి నుంచి మూలిగినట్టు ఒక శబ్దం వచ్చేది. అప్పుడు పనివాళ్లు వెనక్కి తప్పుకునేవారు.

హైదరాబాదులో 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు ఈ గుట్టల కోసం పనిచేస్తున్నారు. వాళ్ల నడకల గురించి ఏళ్ల తరబడి వింటూ కూడా నేను ఒక్కసారీ వెళ్లలేదు. తిరిగి వచ్చిన తరువాత అక్టోబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున మా కాలనీ వెనుక ఉన్న గుట్ట ఎక్కాను. పరికి పొదల వెనుక ఒక పెద్ద గుండు పక్కభాగంలో అవే రంధ్రాలు, పదకొండు, వరసగా ఉన్నాయి. ఎవరో తొలిచి, చీల్చకుండానే వదిలేశారు. ముందు రోజు వాన నీళ్లు వాటిలో ఇంకా నిలిచి ఉన్నాయి. ఫోటో తీసి ఆ ఇంటావిడకు పంపాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. తొలిచిన పద్ధతి తమదానిలాగే ఉందని రాసి, ఆ నేల మీద ఇప్పుడు ఎవరి పశువులు మేస్తున్నాయని అడిగింది. పక్క బస్తీ నుంచి రోజూ ఉదయం తొమ్మిది బర్రెలు వస్తాయని, వాటిని తోలుకు వచ్చే ముసలాయనకు ఈ గుట్ట మీద ప్రతి నీటిగుంట తెలుసునని, అయితే ఈ నెలలో తూర్పు వైపు ప్రహరీ గోడ కడుతున్నారని, ఆయన ప్రస్తుతం దాని చివర మిగిలిన సందులోంచి వాటిని ఒక్కొక్కటిగా దాటిస్తున్నాడని రాశాను.