కుదించకూడనివి

2018 జూలైలో డల్లాస్ నుంచి వచ్చిన మా బాబాయి కొడుకు, "అన్నయ్యా, కళ్లు మూసుకుని చెయ్యి చాపు" అని, అరచేతిలో ఇమిడేంత పెట్టె ఒకటి పెట్టాడు. దాని ఆకారాన్ని బట్టి అదేమిటో నాకు తెలియలేదు. తరువాత వాడు రెండు చేతుల్లోనూ ఇమిడేలా మరొక వస్తువు పెట్టాడు. ఎడమ బొటనవేలి కింద ప్లస్ గుర్తు ఆకారంలో ఒక మీట, కుడి బొటనవేలి కింద రెండు గుండ్రని మీటలు తగిలేసరికి, కళ్లు తెరవక ముందే అది వీడియో గేమ్ కంట్రోలర్ అని నా వేళ్లకు తెలిసిపోయింది.

ఆ పెట్టె నింటెండో సంస్థ 2016 నవంబరులో 60 డాలర్ల ధరకు విడుదల చేసిన ఎన్‌ఈఎస్ క్లాసిక్ ఎడిషన్. 1985లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఎన్‌ఈఎస్ (నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్) అనే, టీవీకి తగిలించి ఆడుకునే యంత్రానికి ఇది చిన్న ప్రతిరూపం. లోపల 30 ఆటలు ముందే పొందుపరచి ఉంటాయి. క్యాసెట్లు ఉండవు, కొత్త ఆటలు చేర్చుకునే వీలు లేదు, ఇంటర్నెట్‌తో పని లేదు. దుకాణాల్లోకి వచ్చినవి వచ్చినట్లే అయిపోతున్న రోజుల్లోనే, 2017 ఏప్రిల్‌లో, దీనిని నిలిపివేస్తున్నట్లు ప్రకటించిన సంస్థ 2018 జూన్ 29న మళ్లీ తీసుకువచ్చింది. మా తమ్ముడికి దొరికినది ఆ రెండవ విడతలోనిది.

ఆటల కోసమే అయితే ఈ పెట్టె అవసరం లేదనే మాట తరచుగా వింటూ ఉంటాను. పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్లు ఎన్నో ఏళ్లుగా కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ ఉన్నాయి. ఈ పెట్టె లోపల ఉన్నది కూడా ఒక చిన్న కంప్యూటరూ, ఒక ఎమ్యులేటరూ మాత్రమే. అయినా వేల ఆటలు ఉన్న ఫోన్‌లో పది నిమిషాలు కూడా ఆడని నేను, 30 ఆటలే ఉన్న ఈ పెట్టె ముందు గంటల కొద్దీ కూర్చోవడానికి కారణం ఏమిటని చాలాకాలం ఆలోచించాను. నాకు దొరికిన సమాధానం కంట్రోలర్‌లో ఉంది. పెట్టెను కుదించినవారు కంట్రోలర్‌ను మాత్రం పాత కొలతలోనే ఉంచారు. ఒక వస్తువును చిన్నది చేయడంలో అసలైన పనితనం, దేనిని కుదించకూడదో తెలుసుకోవడంలో ఉందని నా నమ్మకం.

ఈ సంగతిని మా అక్క లక్కపిడతలు నాకు ఎప్పుడో నేర్పాయి. ఏటికొప్పాక నుంచి వచ్చిన ఆ సెట్టులో రోలు, రోకలి, పొయ్యి, తిరగలి, అన్నీ వేలెడంత ఉండేవి. వాటిలో అక్కకు ప్రాణమైనది తిరగలి, ఎందుకంటే దాని పై రాయి నిజంగా తిరిగేది. పిండి పడదని అక్కకు తెలుసు, అయినా అది తిరగకపోయి ఉంటే ఆ సెట్టు మొత్తం అటకెక్కేదనుకుంటాను.

సెగా సంస్థ తన పాత ఆటల యంత్రం మెగా డ్రైవ్‌ను కుదించి 2019 సెప్టెంబరు 19న విడుదల చేసిన మెగా డ్రైవ్ మినీని చూసినప్పుడు నాకు ఆ తిరగలే గుర్తుకు వచ్చింది. దానిలో క్యాసెట్ పెట్టే చోట చిన్న తలుపులు ఉన్నాయి, వేలితో నొక్కితే తెరుచుకుంటాయి. లోపల పెట్టడానికి ఏమీ ఉండదు. ముందువైపు శబ్దం పెంచే మీట ముందుకూ వెనక్కూ జరుగుతుంది, శబ్దం మారదు. పని చేయని మీట కోసం ఒక అచ్చు తీయించి, ఖర్చు పెట్టి, అది సరిగ్గా జరిగేలా చూసిన మనిషి ఎవరో గానీ, వారికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. పాత ఆటలను కొత్త యంత్రాలకు తీసుకురావడంలో పేరున్న ఎం2 సంస్థ దానిలోని 42 ఆటలనూ సిద్ధం చేసింది. బయటి తలుపు మీద ఎంత శ్రద్ధ ఉందో లోపలి ఆటల మీదా అంతే ఉంది.

ఆ శ్రద్ధ అన్ని చోట్లా లేదు. సోనీ సంస్థ తన పాత ప్లేస్టేషన్‌ను కుదించి 2018 డిసెంబరులో 20 ఆటలతో తెచ్చిన ప్లేస్టేషన్ క్లాసిక్ చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ 20లో తొమ్మిది, సెకనుకు 60 సార్లు మారే బొమ్మ ఉన్న అమెరికా రూపంలో కాక, 50 సార్లే మారే యూరప్ రూపంలో ఉన్నాయి. టెక్కెన్ 3 వాటిలో ఒకటి. వేళ్లు ఏళ్ల తరబడి ఒక లయకు అలవాటు పడిన ఆట మరో లయలో నడిస్తే, బొమ్మ అదే అయినా ఆట అది కాదు. అక్కడ కుదించినది కాలాన్ని. సెగా వారి చేతిలో పట్టుకుని ఆడే పాత యంత్రం గేమ్ గేర్‌ను కుదించి 2020 అక్టోబరులో జపాన్‌లో తెచ్చిన గేమ్ గేర్ మైక్రో అయితే 80 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉంటుంది, తెర 1.15 అంగుళాలు, దాని అందం గురించి మాటలు చాలవు గానీ, అక్షరాలు చదవడానికి భూతద్దం కావాలి.

ఎన్‌ఈఎస్ క్లాసిక్‌లోనూ ఒక లోటు ఉంది, దానిని నేను మరొక రకంగా చూస్తాను. కంట్రోలర్ తీగ 76 సెంటీమీటర్లే కావడం వల్ల పెట్టెకు దగ్గరగా, నేల మీద, చాప వేసుకుని కూర్చోవలసి వస్తుంది. మేము చిన్నప్పుడు రాజమండ్రిలో కూర్చున్నదీ అలాగే. 1990లలో మా ఇంట్లో ఉన్న టీవీ గేమ్ తెలుపు, ఎరుపు రంగుల పెట్టె. దాని మీద ఏ పేరు ఉండేదో కూడా నాకు గుర్తు లేదు. జపాన్‌లో 1983 జూలై 15న వచ్చిన ఫామికామ్ యంత్రానికి, అంటే ఎన్‌ఈఎస్ జపాన్ రూపానికి, అది నకలు అని నాకు తెలిసింది, ఆఫీసు పని మీద టోక్యో వెళ్లినప్పుడు దాని చిన్న ప్రతిరూపం ఫామికామ్ మినీని చేతిలోకి తీసుకున్న రోజున. మా ఇంటి టీవీ గేమ్ అక్కడ, అసలు కొలతలో సుమారు 60 శాతానికి కుదించుకుని, అద్దాల బీరువాలో ఉన్నట్లు అనిపించింది. దాని కంట్రోలర్లు పెట్టెకు రెండు పక్కలా ఒదగాలి కాబట్టి వాటిని కూడా కుదించక తప్పలేదు. పెద్దవాళ్ల బొటనవేళ్లకు అవి ఇరుకు. అయినా దానిని కొన్నాను, ఎందుకంటే అమెరికా పెట్టెలో లేని యీ ఆర్ కుంగ్ ఫూ ఆట అందులో ఉంది.

రెండింటిలోనూ లేనిది, బొమ్మ తుపాకీతో తెర మీది బాతులను కాల్చే డక్ హంట్ ఆట. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లని చతురస్రం మెరుస్తుంది. ఆ వెలుగును తుపాకీ గొట్టంలోని సెన్సర్ పట్టుకుంటుంది. పాత పిక్చర్ ట్యూబు బొమ్మను ఏ క్షణాన గీస్తుందో ఆ లెక్క మీద నడిచే ఏర్పాటు అది. ఇప్పటి తెరలు ఆ లెక్క పాటించవు. గీతల గీతల ట్యూబు టీవీ బొమ్మలా కనిపించేలా చేసే సదుపాయం పెట్టెలో ఉంది గానీ, ట్యూబును దానిలో పెట్టలేరు.

ఒక విషయంలో మాత్రం ఈ చిన్న పెట్టె పెద్దదానికంటే దయగలది. ఒక్కొక్క ఆటకు నాలుగు చోట్ల ఆగిన స్థితిని దాచుకోవచ్చు. సాయంత్రం కరెంటు పోయి, ఎనిమిదవ ప్రపంచం దాకా వచ్చిన మారియో ఆట చీకట్లో కలిసిపోయిన రోజులు ఎరిగినవారికి దాని విలువ చెప్పనక్కరలేదు.

గత దసరాకు అక్క మా ఇంటికి వచ్చినప్పుడు అమెరికా పెట్టెను టీవీకి తగిలించి, కంట్రోలర్ అక్క చేతికిచ్చాను. అక్క ముప్పై ఏళ్లుగా ఏ ఆటా ఆడలేదు. చాప మీద బాసింపట్టు వేసుకుని, కళ్లజోడు సర్దుకుని, సూపర్ మారియో మొదటి గొయ్యి దగ్గరకు వచ్చింది. మీట నొక్కుతూనే, పదేళ్లప్పుడు చేసినట్లే, కంట్రోలర్‌ను రెండు చేతులతో గడ్డం దాకా పైకి ఎత్తింది.