అజర్‌పుర పాలకేంద్రం దగ్గర ఒక సాయంత్రం

విజయవాడలో నవజీవన్ ఎక్కి, వడోదరలో దిగి, ఇంకో రైలు పట్టుకుని గుజరాత్‌లోని ఆణంద్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అమూల్ ఫ్యాక్టరీ చూశాను కానీ, ఇంత దూరం వచ్చింది దగ్గర్లోని అజర్‌పుర కోసం. 1964 అక్టోబరులో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ఒక రాత్రి బస చేసిన ఊరు అది. మర్నాడు కంజరీలో దాణా ఫ్యాక్టరీని ప్రారంభించాల్సి ఉంది. ఆ రాత్రి ఊరంతా తిరిగి నేల గురించి, వానల గురించి, గేదెల గురించి ఆరా తీశారట. దేనిలోనూ ప్రత్యేకత కనిపించలేదు. గేదెలైతే తమ ఉత్తరప్రదేశ్‌వే మేలనిపించాయని ఆయన అన్నట్టు అమూల్‌ను నడిపించిన వర్గీస్ కురియన్ చెప్పుకున్నారు. తేడా ఒక్కటే: పాలు పోసేవాళ్లే డెయిరీకి యజమానులు. ఆ పద్ధతినే దేశమంతా తీసుకెళ్లడానికి మరుసటి ఏడు జాతీయ పాడి అభివృద్ధి మండలి ఆణంద్‌లోనే ఏర్పడింది.

గేదెల సంగతిలో శాస్త్రిగారిది నిజమే. మా కృష్ణా జిల్లాలో నల్లగా నిగనిగలాడే, కొమ్ములు మెలితిరిగిన ముర్రా గేదెల మధ్య పెరిగాను నేను. ఇక్కడి సూరతీ గేదె ఒళ్లు చిన్నది, కొమ్ములు కొడవళ్లు, గొంతు కింద రెండు తెల్లటి పట్టీలు. పాలలో ముర్రాతో పోటీ పడలేదు. చిక్కదనంలో మాత్రం తీసిపోదు.

సాయంత్రం పాలకేంద్రం ముందు స్త్రీలు స్టీలు బిందెలతో వరుసలో నిలబడ్డారు. నా ముందున్న బెన్ (గుజరాత్‌లో ఆడవాళ్లను గౌరవంగా అలాగే పిలుస్తారు) పాలు పోసింది. తూకం అయింది. చిన్న గరిటెడు పాలు యంత్రానికి అందించారు. క్షణాల్లో తెరమీద వెన్న శాతం కనపడింది, చీటీ చేతికొచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి, కొంగున ముడివేసుకుంది.

ఆ ముడి చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. నా చిన్నప్పుడు మా ఊళ్లో పాలు కొనే ఒకాయన చీటీ ఇచ్చేవాడు కాదు. "ఆరు వచ్చిందమ్మా" అని వెన్న శాతం నోటిమాటగా చెప్పేవాడు. ఈనిన కొత్తల్లో పాలు ఎక్కువ, వెన్న తక్కువ. ఒట్టిపోయే ముందు పాలు తగ్గి వెన్న పెరుగుతుంది. గేదె ఏ దశలో ఉన్నా ఆయన నోట ఆరు తప్ప మరో అంకె వచ్చేది కాదు. పాలకు డబ్బు కట్టేది వెన్నను బట్టే. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాం. అయిదు లీటర్ల పాలలో ఒక్క శాతం తగ్గించి చెబితే 40 రూపాయలు పోయినట్టే. పొద్దునా సాయంత్రమూ, నెలల తరబడి అలా పోతూ ఉంటే అది దాణా ఖర్చుకు సరిపోయే డబ్బు. అమ్మ కష్టం ఎంత పోయిందో ఇప్పుడు లెక్క కట్టే వీలు కూడా లేదు, ఎందుకంటే కాగితమే లేదు.

దేశంలో పాల ఉత్పత్తి 1950-51లో 1.7 కోట్ల టన్నులు. 2023-24 నాటికి దాదాపు 24 కోట్ల టన్నులు. 1998 నుంచి ప్రపంచంలో మొదటి స్థానం మనదే. గర్వించాల్సిన అంకెలే. కానీ గేదె ఎన్ని లీటర్లు ఇచ్చిందన్న లెక్క కంటే, ఆ లీటరులో ఏముందో పాలు పోసిన మనిషి కళ్లారా చూసుకోగలిగిందా అన్నదే నాకు ముఖ్యం. అది లేకపోతే దిగుబడి పెరిగిన మేలు వేరే ఎవరికో చేరుతుంది.

వరుస కరిగాక బెన్ నన్ను వాళ్ల కొట్టానికి తీసుకెళ్లింది. గాటి దగ్గర సంచీ విప్పి, దాణా గుప్పెట్లోకి తీసి చూపించింది. పక్కనే పచ్చి జొన్న కట్టలున్నాయి. మా గేదెల గురించి హిందీలో అడుగుతూ, నాకు మజ్జిగ ఇచ్చింది.

రాత్రి ఆణంద్ నుంచి ఇంటికి ఫోను చేసి చీటీ సంగతి చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది: "వాళ్ల గేదెకు ఎంత వచ్చిందిరా?"

"ఏడున్నర."

"మనదానికీ అంతే వచ్చి ఉంటుంది" అంది.