గేమ్ గైడు కొంటే వెన్ను చూసి కొనండి

పుస్తకం చేతికి రాగానే నేను ముందు వెన్ను చూస్తాను. అట్ట తర్వాత. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి కాస్త ఇవతల మాకు జెరాక్స్, డీటీపీ, బైండింగ్ షాపు ఉంది. పరీక్షలప్పుడు ప్రాజెక్టు రికార్డులు, మార్చి వచ్చిందంటే లెక్కల పుస్తకాలు, మిగతా ఏడాదంతా ఆధార్ జెరాక్సులు. ఇన్ని కాగితాల మధ్య బతుకుతూ కూడా డబ్బు పెట్టి ఇంకా కాగితాలు కొనే పిచ్చి ఒకటుంది నాకు. పాత రోల్ ప్లేయింగ్ (ఓ పాత్రలో దూరి కథ నడిపించే) వీడియో గేమ్‌లకి వచ్చిన గైడు పుస్తకాలు, ఇప్పుడు వాటికి కలెక్టర్స్ ఎడిషన్ పేరుతో మళ్లీ వేస్తున్న గట్టి అట్టల ముద్రణలు. మా ఆయన ఈ ఖర్చుని షాపు లెక్కల్లో స్టేషనరీ కింద రాస్తారు.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. యూట్యూబ్ లేని రోజుల్లో యాభై, అరవై గంటలు పట్టే గేమ్‌లో ఎక్కడైనా ఇరుక్కుపోతే దిక్కు ఈ పుస్తకాలే. ఏ ఊరి తర్వాత ఏ ఊరు, ఏ గుహలో ఏ పెట్టె, ఏ రాక్షసుడికి నిప్పు తగులుతుంది, ఎవడికి మంచు తగులుతుంది, అన్నీ రంగుల్లో, పట్టికల్లో. అమెరికాలో ఈ వ్యాపారంలో పెద్ద పేర్లు ప్రిమా, బ్రేడీగేమ్స్. 2015లో రెండూ ప్రిమా పేరు కిందే కలిసిపోయాయి. 2018 నవంబరులో ఆ ప్రిమా కూడా ఇక గైడులు వేయం అని చెప్పేసింది. వాడకానికి కొనేవాళ్లు తగ్గేకొద్దీ దాచుకోడానికి కొనేవాళ్లు పెరిగారు. ఫైనల్ ఫాంటసీ అనే గేమ్ వరసలో 7, 8, 9 గైడులు మూడింటినీ గట్టి అట్టలతో ఒకే పెట్టెలో పెట్టి 2015లో ప్రిమా తెచ్చింది. నాలాంటివాళ్ల జేబుల మీద గురి పెట్టి చేసిన సరుకన్నమాట.

ఒక మాట ముందే చెప్పాలి. నేను గేమ్‌లు ఆడేదాన్ని కాదు. చదివేదాన్ని. ఆడేది అన్నయ్య. వైజాగ్‌లో ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకి వచ్చేటప్పుడు సీడీలు తెచ్చేవాడు. ఫైనల్ ఫాంటసీ 7 కంప్యూటర్‌కి 1998లో వచ్చింది, మొత్తం నాలుగు సీడీలు. మా ఇంటికి వచ్చినవి ఎవరో కాపీ చేసిచ్చినవి, పైన స్కెచ్ పెన్నుతో అంకెలు. వాటితోపాటు గేమ్‌ఫ్యాక్స్ అనే గైడుల వెబ్‌సైటు నుంచి తీసి, కాలేజీ ల్యాబులో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద కొట్టించిన కాగితాల కట్ట. అంచులకి చిల్లులుండి, మడతలు మడతలుగా సాగే కాగితం. అందులో బొమ్మలుండవు. మ్యాపులు కూడా గీతలు, చుక్కలు, ప్లస్ గుర్తులతో వేసినవే. ఆ కట్ట ఒళ్లో పెట్టుకుని పైకి చదవడం నా డ్యూటీ.

నిబెల్‌హైమ్ అనే ఊళ్లో పాత బంగళా ఒకటుంటుంది. మేడ మీద ఇనప్పెట్టె. దానికి నాలుగు అంకెల తాళం. మూడు అంకెలకి బంగళాలోనే ఆనవాళ్లుంటాయి, నాలుగోది కనపడని సిరాతో రాసి ఉంటుంది. ఇరవై సెకన్లలో నాలుగూ తిప్పేయాలి, ఒక్క గీత దాటినా మళ్లీ మొదటికి. నేను చదువుతున్నాను: కుడికి 36, ఎడమకి 10, కుడికి 59, మళ్లీ కుడికి 97. "ఏటే, కుడికే రెండుసార్లా? సరిగ్గా చూడు బుజ్జీ!" అని అన్నయ్య అరుపు. "రెండుసార్లే అన్నయ్యా, తిప్పు!" అని నా అరుపు. వంటింట్లోంచి అమ్మ, "ఏటర్రా ఆ అంకెలు, చీటీపాట ఏమైనా పాడుతున్నారా?" పెట్టె తెరుచుకుంటే లోపలినుంచి ఓ రాక్షసుడు మీద పడతాడు. వాణ్ని కొడితే ఓ తాళంచెవి, దాంతో నేలమాళిగలో శవపేటికలో పడుకున్న విన్సెంట్ అనే మనిషి. ఆ పెట్టె జోలికి పోకపోతే గేమ్ అంతా అయిపోయినా అతను మన జట్టులో చేరడు. అలాంటి మనిషిని మేం ఇద్దరం కలిసి లేపామని నాకు ఇప్పటికీ గర్వమే.

అందుకే నాకు గైడు అంటే పక్కన కూర్చున్నవాళ్ల పుస్తకం. ఆడేవాడి చేతులు ఖాళీగా ఉండవు. పుస్తకం ఒళ్లో తెరిచి పెడితే తెరిచినట్టే ఉండాలి. ఒక చేతి వేలు పట్టిక మీద, కళ్లు ఒకసారి తెర మీద, ఒకసారి కాగితం మీద. ఈ పరీక్షలో నెగ్గని రీప్రింట్‌కి ఎంత బంగారు రేకు అద్దినా నా దగ్గర మార్కులు పడవు. ఇప్పుడు వేసేవాళ్లు అలమారాని తలచుకుని వేస్తున్నారు, ఒడిని మర్చిపోయారు.

నా దగ్గర ఒకటుంది, పేరెందుకులెండి. అట్ట అద్భుతం. మ్యాట్ లామినేషన్, దాని మీద పుస్తకం పేరు ఉన్నచోట మాత్రం నిగనిగలాడే స్పాట్ యూవీ పూత, వెన్ను మీద గోల్డ్ ఫాయిల్. లోపల తెరిస్తే గమ్ బైండింగ్. ఫారాల (మడిచిన కాగితాల కట్టల) మడతలు కోసేసి, కోసిన అంచుకి వేడి గమ్ము పూసి, పైన గట్టి అట్ట తొడిగేశారు. గరుకు కాగితమైతే గమ్ము పీచులోకి దిగి పట్టుకుంటుంది. ఇది పూత పూసిన ఆర్ట్ పేపరు, గమ్ముకి పట్టు దొరకదు. దానికి తోడు గ్రెయిన్ అడ్డంగా ఉంది. కాగితానికి పోగు ఒక దిక్కుకి ఉంటుంది. అది వెన్నుకి సమాంతరంగా ఉంటే పేజీ మెత్తగా వాలుతుంది, అడ్డంగా ఉంటే నిక్కుతుంది. మధ్యలో తెరిచి పెట్టి చెయ్యి తీశానో లేదో టప్పున మూసుకుపోయేది. బలవంతంగా నొక్కితే వెన్ను చిట్లిన శబ్దం. రెండు పేజీల మీద పరిచిన మ్యాపుల్లో మధ్య భాగం మడతలోకి పోయింది. సరిగ్గా మనం వెతుక్కునే సత్రం ఆ మడతలోనే ఉంటుంది మరి.

ఇక ఉండబట్టలేక విప్పేశాను. హెయిర్ డ్రయ్యర్‌తో వెన్ను వేడి చేసి, గమ్ము మెత్తబడ్డాక అట్ట లాగితే మొత్తం కట్ట విడిగా ఊడొచ్చింది. అంచుల్లో మిగిలిన గమ్ము గోరుతో గీకి తీశాను. ఇలా విడిపోయిన పేజీల్ని పక్క కుట్టు వేయడం సులువు, కానీ పక్క కుట్టు పుస్తకం ఎప్పటికీ పూర్తిగా తెరుచుకోదు. స్పైరల్ వేద్దామంటే చిల్లులు మ్యాపుల మీద పడతాయి. కాబట్టి రెండేసి పేజీల్ని పల్చటి కాగితపు పట్టీతో కలిపి, ఆ జతల్ని మడిచి మళ్లీ ఫారాలు చేసి, దారంతో కుట్టాను. పట్టీ ఏమాత్రం మందంగా ఉన్నా వెన్ను ఉబ్బిపోతుంది, అందుకని చేతికి దొరికినవాటిలో అన్నిటికంటే పల్చటిది వాడాను. జిగురు మైదాతో మేమే కాస్తాం, రామబాణం పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి. షాపు కట్టేశాక రాత్రుళ్లు చేసిన పని. అయ్యాక అదే అట్ట, అదే గోల్డ్ ఫాయిల్, కానీ బల్ల మీద తెరిచి పెడితే పడుకున్నట్టు ఉంది. మడత మింగేసిన సత్రం కూడా బయటపడింది.

వీడియో కాల్‌లో చూపిస్తే అన్నయ్య తల పట్టుకున్నాడు. "కలెక్టర్స్ ఎడిషనే అది! విప్పితే పైసా రాదు!" అమ్మడానికి కొన్నానా నేను?

రీఇష్యూల్లో ఇంకో తగువు ఉంది. పాత పుస్తకాన్ని పేజీకి పేజీ ఉన్నదున్నట్టు వేయాలా, తప్పులు దిద్ది కొత్త లేఅవుట్ చేయాలా? నేను మొదటి పక్షం. మా ఊళ్లో కథానిలయం ఉంది కదా, 1997లో కాళీపట్నం రామారావు మాస్టారు పెట్టింది. అక్కడ పాత పత్రికలు చూడండి. మీరు వెతికిన కథతోపాటు పక్కనున్న తలనొప్పి మాత్రల ప్రకటన, కింద సంపాదకుడి గమనిక కూడా వస్తాయి. కథ ఒక్కటే మళ్లీ టైపు చేసిస్తే అవేవీ రావు. గైడులూ అంతే. 1995లో అమెరికాలో ఎర్త్‌బౌండ్ అనే గేమ్‌ని పెద్ద డబ్బాలో, గైడుతో కలిపి అమ్మారు. ఆ గైడు గేమ్‌లోని ఊళ్లకి టూరిస్టు బ్రోషర్ పద్ధతిలో ఉంటుంది, ఊరూరికీ ఓ పత్రిక ముక్క. చివర గీకి వాసన చూసే కార్డులు కూడా పెట్టారు. 2013లో గేమ్‌ని వీ యూ అనే తమ గేమ్ మెషీను మీద మళ్లీ విడుదల చేసినప్పుడు నింటెండో కంపెనీ ఆ గైడుని స్కాన్ చేసినట్టే ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చింది. వాసన రాదు, సరే. కానీ పేజీ అదే పేజీ. ఒక సెట్ ప్రింటు తీసి కుట్టి పెట్టుకున్నాను, షాపున్న సుఖం అది.

ఉన్నదున్నట్టు వేస్తే చచ్చిపోయే పుస్తకమూ ఒకటుంది, దాస్తే అబద్ధమవుతుంది. 2000లో బ్రేడీగేమ్స్ వేసిన ఫైనల్ ఫాంటసీ 9 గైడు. గేమ్ కంపెనీవాళ్ల ప్లేఆన్‌లైన్ సైటుకి జనాన్ని తోలాలని, పుస్తకంలో చెప్పాల్సిన సంగతుల చోట చిన్న డబ్బాలు కట్టి, ఫలానా మాట సైటులో కొట్టి చూసుకోండి అని రాశారు. డబ్బులు పోసి పుస్తకం కొన్నవాడికి పుస్తకం చెప్పే సమాధానం అది. అప్పటికి మన ఊళ్లో నెట్ సెంటర్‌కి వెళ్లి గంట లెక్కన కట్టాలి, పేజీ తెరుచుకునేలోపే సగం గంట పోయేది. ఆ సైటులో ఆ పేజీలు ఇప్పుడు లేవు. డబ్బాలు మాత్రం అలాగే ఉన్నాయి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఆ గైడు దొరికితే కొన్నాను. ముందున్నవాళ్లెవరో ఆ డబ్బాల పక్కన బాల్ పెన్నుతో సమాధానాలు రాసి పెట్టారు. ఎక్కడ సంపాదించారో! నా అలమారాలో సీలు తీయని పెట్టెలకంటే ఆ ఒక్క పుస్తకం నాకు ఎక్కువ.

గేమ్ లేకుండా గైడు చదవొచ్చా అంటే, చదవొచ్చు, హాయిగా. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను పలాస దగ్గర మా అత్తవారి ఊళ్లో ఉన్నాను. కొబ్బరిచెట్లు, జీడిచెట్లు కూలిపోయాయి, కరెంటు చాలా రోజులు రాలేదు, ఫోన్లు పనిచేయలేదు. సంచిలో ఉన్న ఒక్క పుస్తకం మోరోవిండ్ ప్రొఫెసీస్, 2002 నాటి మోరోవిండ్ గేమ్‌కి ఆ గేమ్ కంపెనీ బెథెస్డాయే వేసిన గైడు. ఆ గేమ్‌లో ఇప్పటి గేమ్‌ల తీరున తెర మీద బాణం గుర్తు దారి చూపించదు. ఊళ్లో మనుషుల్ని అడగాలి. వాళ్లు మన పల్లెల్లో చెప్పినట్టే చెప్తారు: వంతెన దాటు, కొండ ఎడమ చేతికి పెట్టుకో, పెద్ద బండ కనిపించగానే తిరుగు. అందుకే ఆ గైడు పూర్తిగా దారులు చెప్పే పుస్తకం. పగలు చెట్ల కొమ్మలు నరికేవాళ్లకి టీలు మోసి, సాయంత్రం దీపం దగ్గర అది చదివేదాన్ని. మా ఆడపడుచు కొడుకు పక్కన చేరి "అత్తా, తర్వాత ఎటెల్లాలి?" అని అడిగేవాడు. గేమ్ ఏదని ఒక్కసారి కూడా అడగలేదు వాడు.

డార్క్ హార్స్ అనే ప్రచురణ సంస్థవాళ్లు 2018 నుంచి ఇంగ్లీషులో తెచ్చిన ఫైనల్ ఫాంటసీ అల్టిమేనియా ఆర్కైవ్ మూడు సంపుటాలు కూడా చూశాను. బొమ్మలకి దండం పెట్టాలి. కానీ అల్టిమేనియా అంటే జపాన్‌లో లావుపాటి గైడులకి ఉన్న పేరు. ఈ ఆర్కైవ్‌లో బొమ్మలున్నాయి, దారి లేదు. ఫైనల్ ఫాంటసీ 7లో గోబ్లిన్ అనే రాక్షసుడి దగ్గర జియో కాయ దొంగిలించి, దాన్ని తినిపించి బంగారు చోకోబో పక్షిని పుట్టించి, దానిమీదెక్కి రౌండ్ ఐలాండ్‌కి వెళ్లడం ఎలాగో చెప్పే పట్టిక లేని పుస్తకం నాకెందుకు? బహుమతిగా ఇస్తే పుచ్చుకుంటాను.

ఇక సీలు గొడవ. ఇవి సేకరించి దాచుకునే కలెక్టర్లు ప్లాస్టిక్ కవరు తీయొద్దంటారు. చలిదేశాల్లో ఆ మాట చెల్లుతుందేమో, ఇక్కడ సముద్రం పక్కన చెల్లదు. ఆ కవరుకి గాలి పోవడానికి చిన్న చిల్లులుంటాయి. వానాకాలం చెమ్మ అందులోంచి లోపలికి దూరుతుంది, తేలిగ్గా బయటకి పోదు. అట్ట మీద బూజు, అంచులకి గోధుమరంగు మచ్చలు, ఆర్ట్ పేపరైతే పేజీలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అంటుకున్నవాటిని లాగితే అక్షరాలతో సహా పూత ఊడొస్తుంది. ఇంతోటి పుస్తకాలకి విదేశీ తపాలా ఖర్చు, 2019 బడ్జెట్లో దిగుమతి పుస్తకాల మీద వేసిన 5 శాతం సుంకం ఒకటి. అంత పోసి బూజుకి అప్పజెప్పమంటారా? నెలకోసారి తీసి, ఫ్యాను కింద పేజీలు విదిలించి, నిలువుగా వదులుగా పెట్టండి. గోడకి ఆనించకండి.

అన్నయ్య పోయినసారి వచ్చినప్పుడు ఓ పెట్టె ఇచ్చి వెళ్లాడు, సీలు తీయకూడదని ఒట్టు పెట్టించుకుని. మొన్నటి వానలకి కవరు లోపల ఆవిరి పట్టడం నా కళ్లతో చూశాను. ఫొటో తీసి పంపితే "సంక్రాంతికి వస్తాను కదా, అప్పటిదాకా ముట్టుకోకు" అన్నాడు. వదిన మాత్రం పక్కనుంచి "విప్పేయమ్మా, తిట్లు నేను తింటానులే" అంది.