కొండవీడు ఘాట్, పైన చెరువులు, తిరుగుదారిలో ఎదురుగాలి: నా అనుభవం

గుంటూరు చుట్టుపక్కల రోడ్డు సైకిల్ తొక్కేవాళ్ల కాళ్లకి గట్టి పరీక్ష పెట్టే చోటు కొండవీడు. మన ఊరు సముద్రమట్టానికి 30 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. అమరావతి రోడ్డు పట్టుకున్నా, తెనాలి వైపు వెళ్లినా నేల బల్లపరుపే. ఇక్కడ ఏళ్ల తరబడి తొక్కినా దూరం అలవాటవుతుంది గానీ ఎత్తు అలవాటు కాదు. ఆ కొండ ఎక్కి, పైనున్న చెరువులు చూసి, దిగి, హైవే మీదుగా ఇల్లు చేరాలని నాకు చాలాకాలంగా ఉంది. మొన్న కార్తీకంలో అది కుదిరింది. నలభై దాటాక సైకిలెక్కిన నాలాంటి ఆడవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

దారి ఇదీ: చుట్టుగుంట, నల్లపాడు, పేరేచర్ల మీదుగా ఫిరంగిపురం. అక్కడ నరసరావుపేట రోడ్డు వదిలి ఎడమకు తిరిగితే కొండవీడు. ఘాట్ ఎక్కి దిగాక ఎడ్లపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని తిరిగి గుంటూరు. మొత్తం డెబ్బై, ఎనభై కిలోమీటర్ల మధ్య ఉంటుంది. దూరం చూసి ఎవరూ భయపడరు. కష్టమంతా ఘాట్ ఉన్న ఆ కొద్దిపాటి కిలోమీటర్లలోనే ఉంది.

అందుకే ముందు గేర్ల సంగతి చూసుకోవాలి. నా సైకిల్‌కి ముందు 50, 34 పళ్ల చక్రాలు, వెనక పెద్దది 28 పళ్లది ఉండేవి. ముందు 34, వెనక 28 వేసుకుంటే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి సైకిల్ రెండున్నర మీటర్లు కదులుతుంది. గంటకి 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతుంటే నిమిషానికి యాభై చుట్లు పడతాయి, ఒక్కో చుట్టూ మోకాలి మీద బరువే. వెనక 34 పళ్లది వేయిస్తే ఒక చుట్టుకి 2.1 మీటర్లు, అదే వేగానికి అరవై పైన చుట్లు. భారం మోకాలి నుంచి ఊపిరికి మారుతుంది. ఊపిరి రెండు నిమిషాలు నెమ్మదిస్తే తేరుకుంటుంది, మోకాలు పట్టేస్తే వారం పడుతుంది. నేనైతే ఖరీదైన సైకిల్ కంటే ఈ ఒక్క మార్పుకే ఓటేస్తాను. అయితే వెనక గేరు మార్చే డీరెయిలర్ అంత పెద్ద చక్రానికి సరిపోయేది కావాలి, చెయిన్ కూడా పొడుగుది వేయించాలి. టైర్లు కూడా 25 తీసేసి 28 మిల్లీమీటర్లవి వేయించాను. పేరేచర్ల రోడ్డుకి అవే నయం.

నాకు సైకిల్ మీద ఓపిక నేర్పింది మా పేటలో ఉండే రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు. కొండ లేని ఊళ్లో కొండకి ఎలా సాధన చేయాలని అడిగితే, "ఎదురుగాలిని తిట్టుకోకమ్మా, మనకున్న కొండ అదే" అన్నారు. సాయంత్రాలు గాలికి ఎదురు తొక్కించేవారు. సీటు మీద నుంచి లేవకూడదు, భుజాలు ఊగకూడదు, హ్యాండిల్‌ని వేళ్లతోనే పట్టుకోవాలి. రెండు నెలల పాటు అదే పని. విసుగొచ్చిన రోజున ఉప్పలపాడు చెరువు దాకా వెళ్లి పెలికాన్లను చూసి వచ్చేదాన్ని. ఆయన దాన్నీ సాధనలోనే లెక్క వేశారు.

మాస్టారు, నేను బయల్దేరింది చీకటితోనే. ఆదివారం వద్దనుకున్నాం. కార్తీక ఆదివారాల్లో వనభోజనాల బస్సులు, కార్లు అదే ఘాట్ ఎక్కుతాయి. పైగా కొండకింద అటవీ శాఖ గేటు ఉంది, తెరిచే వేళ ముందే కనుక్కుని వెళ్లడం మంచిది. ఇంటి దగ్గర రెండు ఇడ్లీలు, జేబులో ఖర్జూరాలు, పల్లీపట్టీ, ఒక సీసాలో మంచినీళ్లు, ఇంకోదాంట్లో ఓఆర్ఎస్.

పేరేచర్ల దగ్గర క్వారీ టిప్పర్లతో జాగ్రత్త. రోడ్డు అంచున కంకర పొడి పరుచుకుని ఉంటుంది, అక్కడ బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. టిప్పర్ వెనక నుంచి హారన్ కొడితే కంగారుపడి మట్టిలోకి దిగకుండా ఒకే గీతలో పోవాలి. వెనకాల ఎర్రలైటు పగలు కూడా వెలగాలి. ఫిరంగిపురంలో చర్చి దాటాక టీ తాగాం. ఎడమకు తిరిగాక దారి ప్రశాంతం. రెండువైపులా పచ్చని మిరప, విచ్చుకున్న పత్తి, వాటి వెనక కొండల వరస. ఇంకా సగం దారిలో ఉండగానే కొండ మీద ఘాట్ రోడ్డు అడ్డంగా గీసిన గీతలా కనిపించింది. గుండె దడదడలాడింది.

ఘాట్ మొదలయ్యేచోట మాస్టారు చెప్పింది ఒక్కటే: "మొదటి రెండు మలుపులూ నాతో మాట్లాడుతూ ఎక్కాలి. మాట ఆగితే వేగం తగ్గించు." ఏం మాట్లాడను అంటే పదిహేడో ఎక్కం చెప్పమన్నారు. పదిహేడు ఒకట్ల పదిహేడు, పదిహేడు రెళ్ల ముప్పై నాలుగు. పదిహేడు ఆర్ల నూట రెండు దాకా బాగానే వచ్చింది. పదిహేడు ఏళ్ల నూట పంతొమ్మిది దగ్గర మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. వెంటనే గేరు తేలిక చేశాను. తర్వాత ఆయన అడగకపోయినా నేనే మొదటి నుంచి అందుకున్నాను. హృదయ స్పందన చూపించే వాచీ నా దగ్గర లేదు, ఆ ఎక్కమే కొలత.

మలుపుల్లో ఒక కిటుకు ఉంది. మనం ఎడమ పక్కన వెళ్తాం గనక ఎడమకు తిరిగే మలుపులో మనకి లోపలి అంచు వస్తుంది, అక్కడే రోడ్డు నిటారుగా లేస్తుంది. ముందే తేలిక గేరులోకి మారాలి. మలుపు మధ్యలో బరువు మీద గేరు మారిస్తే చెయిన్ కరకరమని పళ్ల మీద ఎక్కక జారుతుంది. కుడికి తిరిగే మలుపులో బయటి అంచు మనది, వాలు కాస్త తగ్గుతుంది. నీళ్లు తాగాలన్నా, ఖర్జూరం నోట్లో వేసుకోవాలన్నా అక్కడే. చివరికొచ్చేసరికి చెమట కనుబొమల మీద నుంచి పైపు మీద బొట్లుబొట్లుగా పడుతోంది, నాకు వినిపించేది నా ఊపిరే. "ఏమ్మా, దిగుతావా?" అన్నారు మాస్టారు. తల అడ్డంగా ఊపాను. నోరు తెరిస్తే ఊపిరి దండగ.

పైన మూడు చెరువులున్నాయి. రెడ్డి రాజులు ఇక్కడి నుంచి పాలించిన కాలంలో కొండ మీద కురిసిన వానని కొండ మీదే పట్టి ఉంచారు. శత్రువు కింద చుట్టుముట్టి నెలల తరబడి కూర్చున్నా పైనున్నవాళ్లు దాహానికి లొంగకూడదు కదా. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కోటని గజపతుల నుంచి గెలుచుకున్నాడు. ఆయన సైన్యం ముట్టడి వేసి కూర్చుంది. చదువుకున్నప్పుడు ఇది ఒట్టి వాక్యంగా పోయింది. రెండు సీసాల నీళ్లతో ఆ ఎత్తు ఎక్కి, ఒకటి ఖాళీ అయ్యాక చెరువు గట్టున కూర్చుంటే ఆ ముందుచూపు ఎంత గొప్పదో ఒంటికి తెలిసింది. వానలు పడి వెళ్లాయి గనక నీళ్లు నిండుగా ఉన్నాయి. చుట్టూ సీతాఫలం చెట్లు. కనీసం ఓ గంట అక్కడ ఉండాలి. ఎక్కగానే ఫొటో తీసుకుని దిగిపోయేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

దిగడం ఎక్కడం కంటే ప్రమాదం. బ్రేకుని ఆపకుండా నొక్కి పట్టుకుంటే రిమ్ వేడెక్కుతుంది, రబ్బరు కాలిన వాసన వస్తుంది. మలుపుకి ముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించి, మలుపులో వదలాలి. చేతులు హ్యాండిల్ కింది వంపులో, బయటి పెడల్ కిందికి, చూపు మలుపు చివరికి. గుంట మీద చూపు పెడితే సైకిల్ గుంటలోకే పోతుంది. మధ్యలో ఒకసారి ఆగి రిమ్ దగ్గర చెయ్యి పెట్టి చూశాను. తాకకుండానే సెగ తగిలింది. చల్లారేదాకా నిలబడ్డాం.

అసలు ఓర్పు కావాల్సింది ఎడ్లపాడు తర్వాత. హైవే ఆరు వరసలు, నున్నగా ఉంటుంది, ఇల్లు వచ్చేసినట్టే అనిపిస్తుంది. కానీ ఈ నెలల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, గుంటూరు ఉన్నదీ ఆ దిక్కే. ఎండ కూడా ఎక్కింది. మాస్టారు, నేను వంతులు వేసుకున్నాం: కాసేపు ఆయన ముందు, కాసేపు నేను. ముందున్నవాళ్లు గాలి కోస్తే వెనకవాళ్లకి తేలిక. సర్వీసు రోడ్డు ఉన్నచోటల్లా అటే వెళ్లాం. బోయపాలెం దాటాక కాళ్లు బరువెక్కాయి గానీ మోకాళ్లు నొప్పి పెట్టలేదు, గేరు మార్పించిన డబ్బు అక్కడ వసూలైంది.

మర్నాడు బ్రేకు రబ్బర్లు విప్పి చూస్తే వెనకవి గీత దాకా అరిగిపోయాయి, కొత్తవి వేయించాను. ఘాట్‌కి వెళ్లేవాళ్లు అవి ముందే చూసుకోండి. మా వీధిలో ఇద్దరు అడుగుతున్నారు, వచ్చే నెల వాళ్లని ఫిరంగిపురం దాకా తీసుకెళ్తాను. ఘాట్ మాత్రం వాళ్ల సైకిళ్లకి వెనక 34 పళ్లది పడ్డాకే.