మా డొంక పాత ఫోటో అమెరికాలో దొరికింది (నా అనుభవం)

మాది కందుకూరు దగ్గర పల్లె. మా మెట్ట చేలకు పోయే డొంకను పక్క చేను ఆయన జామాయిల్ కొట్టి మళ్లీ నాటేటప్పుడు తన తోటలో కలిపేసుకున్నాడు. అడిగితే "ఇక్కడ డొంకెప్పుడుందయ్యా?" అన్నాడు. మా నాన్న ఎద్దులబండి తోలిన దారి అది. గొడవ నిన్ననే ఒక కొలిక్కి వచ్చింది. ఇలాంటి తగాదాలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నా.

ఎఫ్‌ఎంబీలో, అంటే సర్వే వాళ్ల పొలాల కొలతల పుస్తకంలో, ఆ దారి గీత లేదు. పట్టా చేల మధ్య నుంచి పోయే వాడుక దారి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఇరవై ఏళ్లు బాహాటంగా, అడ్డంకి లేకుండా, హక్కుగా నడిచిన దారి మీద హక్కు వస్తుందని లాయరు చెప్పాడు. నడిచామని చూపించాలి, అదీ చిక్కు. మనం నలుగురు పెద్దవాళ్లను సాక్ష్యం తెస్తే అవతలాయన ఐదుగురిని తెస్తాడు.

గూగుల్ ఎర్త్ ప్రో కంప్యూటర్లో ఉచితమే. గడియారం బొమ్మ నొక్కితే పైనుంచి తీసిన పాత ఫోటోలు వస్తాయి. ఒక దాంట్లో దారి కనిపించింది కూడా. పక్క చేను ఆయనేమో "అది జామాయిల్ లారీ కోసం నేనేసుకున్న బాట" అన్నాడు. అంటే జామాయిల్ రాకముందు ఫోటో కావాలి. మన ఉపగ్రహాల్లో చూద్దామంటే 1988లో ఎగిరిన ఐఆర్‌ఎస్-1ఎ లో మెరుగైన కెమెరాకే ఫోటోలో ఒక్కో చుక్క అంటే నేల మీద 36 మీటర్లు. అందులో డొంకేం కనిపిస్తుంది?

విమానం మీంచి తీసిన పాత ఫోటోలేమైనా ఉంటాయేమోనని ఒక ఆఫీసుకు పోయా. సీట్లో ఉన్నాయన నా చేతిలో గూగుల్ ప్రింటు లాక్కుని లైన్లో ఉన్నవాళ్లందరికీ చూపించి, "సినిమా పోస్టరు తెచ్చాడు, ఎక్కడంటిద్దాం?" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఊరి మనిషి కూడా నవ్వాడు, అది మర్చిపోను. తర్వాత పాత రికార్డు ఒంగోల్లో ఉందన్నారు, ఒంగోల్లో అడిగితే నెల్లూరన్నారు. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. జిల్లా మారినప్పుడల్లా మన కాగితం ఎక్కడో ఒకచోట జారిపోతుంది. మీరు ఏ ఆఫీసుకు పోయినా నోటిమాటగా అడగొద్దు. అర్జీ రాసి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకోండి. అప్పుడు నవ్వు రాదు వాళ్లకి.

చివరికి దొరికింది అమెరికా వాళ్ల దగ్గర. 1960 నుంచి 1972 దాకా కరోనా అనే గూఢచారి ఉపగ్రహాలు ఫిల్ము మీద ఫోటోలు తీశాయి. ఆ ఫిల్ము డబ్బాను పారాచూట్‌తో కిందికి వదిలితే విమానం గాల్లోనే పట్టుకునేది. 1995లో వాటి మీద రహస్యం ఎత్తేశారు. యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుని, డీక్లాసిఫైడ్ డేటా అన్నచోట మన ఊరి మీద గుర్తు పెడితే ఫ్రేముల, అంటే ఒక్కో ఫిల్ము ఫోటో, జాబితా వస్తుంది. శ్రీహరికోట అప్పట్లో మా జిల్లాయే. అక్కడ రాకెట్ల కేంద్రం మొదలు కాకముందే మా చేలను వాళ్లు పైనుంచి తీసుకుపోయారు, చూడండి!

మాకు కావలసిన ఫ్రేము స్కాన్ కాలేదు. 30 డాలర్లు కట్టి కొన్ని వారాలు ఆగాం. వచ్చాక మొదలైంది అసలు తలనొప్పి. ఒక్క ఫ్రేము తూర్పు పడమరలుగా రెండొందల కిలోమీటర్లు సాగుతుంది. నాలుగు ముక్కలుగా వస్తుంది. దాని మీద ఊరి పేరుండదు, ఉత్తరం పైకుండదు. వాళ్లిచ్చిన ఫ్రేము మూలల అక్షాంశ రేఖాంశాలు పట్టుకుని పోతే ఇంకో ఊళ్లో తేలాం. నలుపూ తెలుపుల్లో అన్ని పల్లెలూ ఒకేలా ఉన్నాయి. రాత్రిళ్లు కళ్లు మండేదాకా వెతికినా మా ఊరు లేదు. నిజంగా టెన్షన్ పుట్టింది.

పట్టిచ్చింది మా పెదనాన్న. కంప్యూటర్ ముట్టుకోని మనిషి. "ఇళ్లు చూస్తావేందబ్బయ్యా, అప్పుడు ఊరే అంతలేదు. చెరువు చూడు" అన్నాడు. రోడ్లు మారాయి, ఊరు పెరిగింది, చెరువు కట్ట వంపు మాత్రం మారలేదు. కట్ట దొరికింది, తూము దొరికింది, అక్కడి నుంచి మా చేలు. మధ్యలో పాపిడి తీసినట్టు తెల్లగా డొంక! రెండు వైపులా తాడిచెట్లు చుక్కలు చుక్కలుగా.

ఆ తర్వాత పనంతా నేనే చేశా, డిగ్రీ కూడా పూర్తి చేయనివాణ్ణి. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో మా ఊరి ముక్క వరకే కత్తిరించి, కట్ట మలుపు, తూము, గుడి గుర్తులుగా పెట్టి ఇప్పటి ఫోటో మీద కూర్చోబెట్టా. ఫ్రేము మొత్తం పెడితే అంచులు సాగిపోయి కుదరదు. లాయర్ల దగ్గర కంప్యూటర్ తెలిసినవాళ్లమని చెప్పుకునే కుర్రాళ్లు దీనికి వేలు అడుగుతున్నారు, ఇవ్వొద్దు.

నిన్న రచ్చబండ దగ్గర పెద్దమనుషుల ముందు ప్రింటు పరిచా. పక్క చేను ఆయన చాలాసేపు చూసి, "ఆ తాడిచెట్లు మా తాత నాటించినవి" అన్నాడు. "డొంకకు అటూ ఇటూనే కదా నాటించాడు?" అని పెదనాన్న అందుకున్నాడు. ఇక మాట రాలేదు. బండి పట్టేంత వెడల్పు వదులుతానని కాగితం రాసి సంతకం పెట్టాడు. అయినా లాయరు మాట విని, కోర్టుకు పోవాల్సి వస్తే కంప్యూటర్ ఫైలును సాక్ష్యంగా చూపడానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి కాబట్టి డౌన్‌లోడ్ చేసిన అసలు ఫైలు, డబ్బు కట్టిన రసీదు దాచిపెట్టా.

ఒకరు డబ్బు కట్టి స్కాన్ చేయించిన ఫ్రేము తర్వాత అందరికీ ఉచితం. మేం తెప్పించిన దాంట్లో ఉలవపాడు, పామూరు వైపు పల్లెలు కూడా ఉండొచ్చు. ఆ వైపు వాళ్లు కార్డు బయటికి తీసే ముందు, ఆ ఫ్రేముకు డౌన్‌లోడ్ గుర్తు ఉందేమో చూసుకోండి.