ఎండలో తేలిన టింట్ పనితనం

వర్క్‌షాప్ దీపాల కింద మచ్చలేకుండా కనిపించిన వెనుక తలుపు అద్దం, కారును ఎండలోకి తీయగానే కొత్తగా అతికించిన టింట్ ఫిల్మ్ (ఎండను తగ్గించే పలుచని రంగు పొర) కింద చిక్కుకున్న ధూళి రేణువులను ఒక్కొక్కటిగా బయటపెట్టింది.

ఫిల్మ్ అతికించేటప్పుడు లోపల మిగిలిన నీటి వల్ల కనిపించే మసక, చిన్న బుడగలు వాతావరణాన్ని బట్టి కొన్ని రోజుల్లోనో వారాల్లోనో ఆరిపోతాయి కనుక, వాటిని చూసి పనిని తప్పుపట్టడం న్యాయం కాదు. ధూళి మాత్రం ఎన్నాళ్లయినా పోదు. అంచున పడిన మడత కూడా అంతే.

పై అంచున ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ సహజమే, అయితే ఆ గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా సమానంగా సాగాలి. నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఫిల్మ్‌ను కత్తిరించేటప్పుడు అద్దం మీద పడే కత్తి గాటు, ఎందుకంటే ఫిల్మ్‌ను మార్చినా అది అద్దం మీద మిగిలిపోతుంది. అదృష్టవశాత్తు అది ఎక్కడా లేదు. ఆ ఒక్క తలుపుకు ఫిల్మ్ మళ్లీ వేయమని అడిగాను. వర్క్‌షాప్ వారు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.